మూడో అర్థం

“టోపీ తీస్తేనే లోపలికి,” అన్నాడు కాపలాదారు క్లెగ్.

“తీయను,” అన్నాడు బస్సు కండక్టరు.

బయట లీడ్స్ నగరం పొద్దుటి నుంచి వానలో నానుతోంది. కండక్టరు కోటు నుంచి కారిన నీళ్ళు నిఘంటు కార్యాలయపు నున్నటి నేల మీద మడుగు కట్టాయి. మనిషికి యాభై ఏళ్ళుంటాయి. చేతిలో ఒక కవరు ఉంది.

“మీ పుస్తకంలో పేరు రాశానుగా. రెండువందల పద్నాలుగు వచ్చాడని పైవాళ్ళకు చెప్పండి, చాలు.”

“ఆ నంబరు బస్సు ఈ ఊళ్ళోనే లేదయ్యా.”

“బస్సు కాదు. నేను.”

“అలాగా. అయితే ఈ స్టాపులో నువ్వు ఆగవు.”

అప్పుడే ఈనిడ్ గార్సైడ్ మెట్లు దిగి వచ్చింది. భోజనం తర్వాత ఆమె కిందికి రావడం అది నాలుగోసారి.

“క్లెగ్, టపా వచ్చిందా?”

“వచ్చింది మిస్ గార్సైడ్. మీకేమీ లేదు.”

ఆమె పెదవి కొరుక్కుంది. సాయంత్రం నాలుగింటికి పుట అచ్చుకు వెళ్ళాలి. ఆ పుటలో ‘ఎక్స్‌క్లూజన్’ అనే మాట ఆమె బాధ్యత. లోపలికి రానివ్వకపోవడం, లెక్కలోంచి మినహాయించడం: ఈ రెండు అర్థాలకూ ఢోకా లేదు. చిక్కంతా మూడోదానితోనే. బడిలో ఉన్న పిల్లవాణ్ణి కొంతకాలం రావద్దనడం. ఆమె తల్లి బడిపంతులు. ఈ అర్థంలో ఆ మాట ఇంట్లో రోజూ వినబడేది. కానీ చెవిన పడ్డది ఆధారం కాదు. అచ్చులో రెండు ఆధారాలుండాలని నియమం. దొరికింది ఒకటే. రెండోది రాకపోతే ఆ అర్థం పోతుంది. మళ్ళీ కూర్పు ముప్పై ఏళ్ళకు గాని రాదు.

“అమ్మా, మీకోసం ఒక మాట తెచ్చాను,” అన్నాడు కండక్టరు.

వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాగే వస్తారు. కిందటి వారం ఒకాయన పిల్లి తుమ్ముకు పేరు పెట్టి తెచ్చాడు.

“కొత్త మాటా?”

“పాతదే. నాది.”

“మాటలు ఎవరి సొత్తూ కావండి.”

“నాకు ఇక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. అందులో...”

“ధన్యవాదాలు, పరిశీలిస్తాం. అదేగా? అది అందరికీ వెళ్తుంది. మీ కవరు ఆ పెట్టెలో వేయండి.”

“ఇవాళ చదువుతారా?”

“వరుసలో చదువుతాం.”

కండక్టరు గోడ గడియారం వైపు చూశాడు. “రెండూ ఇరవైకి నా బస్సు కదలాలి. టోపీ తీసి ఉంటే?”

“పైకి వచ్చి మాట్లాడేవారు. ఇక్కడ అందరికీ ఒకటే నియమం.”

“నియమాలు నాకు కొత్త కాదులే అమ్మా.”

కవరు పెట్టెలో వేసి, వానలోకి వెళ్ళిపోయాడు.

“రాణిగారి ముందైనా తీయడు కాబోలు,” అన్నాడు క్లెగ్, నేల తుడుస్తూ.

ఈనిడ్ పైకి వెళ్ళి కూర్చుంది. లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ కూర్చుంది.

దేశమంతటా జీతంలేని చదువరులు పాత పుస్తకాలూ పత్రికలూ గాలించి, వాక్యాలు చీటీల మీద ఎత్తి పంపేవారు. పక్షపాతం రాకూడదని వాళ్ళ పేర్లను సంపాదకులకు తెలియనిచ్చేవారు కాదు. చీటీ మూల ఒక నంబరుండేది, అంతే. వాళ్ళలో ఒకరి గుండ్రటి అక్షరాలను ఆమె పంతొమ్మిదేళ్ళుగా ఎరుగును. ఆ చీటీల్లో తేదీ తప్పిందని ఏనాడూ వినలేదు. ఎవరో లాటిన్ పంతులై ఉంటాడని, పదవీ విరమణ చేసి గులాబీలు పెంచుకుంటూ ఉంటాడని ఊహించుకుంది. మూడో అర్థం కోసం వెతికిపెట్టమని సోమవారమే ఆయనకు ఉత్తరం వేయించింది. ఇవాళ శుక్రవారం.

నాలుగుకు పావుగంట ముందు ప్రధాన సంపాదకుడు ఫోన్ చేశాడు.

“ఆధారం?”

“రాలేదు. రేపటిదాకా ఆగితే...”

“నాలుగూ ఇరవై రైలు ఆగదు, ఈనిడ్.”

ఆమె ఎర్ర పెన్సిలు తీసి మూడో అర్థం కొట్టేసింది. పుట ఆ రైలుకే వెళ్ళిపోయింది.

అయిదింటికి క్లెగ్ పెట్టె మోసుకొచ్చాడు. “ఈ వారం పిచ్చి మాటలు. మూడే కవర్లు. ఒకటి తడిసింది.”

తడిసిన కవరు విప్పగానే గుండ్రటి అక్షరాలు కనిపించాయి. చీటీ మూల 214.

“క్లెగ్, ఆ కండక్టరు నీతో ఏమన్నాడు?”

“తనే రెండువందల పద్నాలుగన్నాడు. నేను బస్సనుకున్నాను.”

చీటీకి ఒక వారపత్రిక ముక్క అతికించి ఉంది. తేదీ 1913 మార్చి 8. న్యాయస్థానపు వార్త, నాలుగు వరుసలు:

‘కొడుకును బడికి పంపనందుకు తండ్రిపై పెట్టిన కేసు కొట్టివేయబడినది. తలలో తామర కారణంగా ఏమస్ హెబ్డెన్, వయసు తొమ్మిది, ఎక్స్‌క్లూజన్ పద్నాలుగు నెలలుగా సాగుతున్నదనియు, జుట్టు తిరిగి మొలిచినగాని బడిలోనికి రానీయరనియు తండ్రి చెప్పెను.’

ఈనిడ్ చీటీ పట్టుకునే మెట్లు దిగింది. క్లెగ్ బల్ల మీద సందర్శకుల పుస్తకం తెరిచే ఉంది.

మధ్యాహ్నం రెండూ పది అన్న వరుసలో, వచ్చిన పని అన్నచోట ‘ఎక్స్‌క్లూజన్’ అని, దాని పక్కన అవే గుండ్రటి అక్షరాలతో ‘ఏమస్ హెబ్డెన్’ అని రాసి ఉంది.