నెమలికొండ వాలు

“నన్నీడ వదిలేసి మీరు పొండి,” అన్నాడు త్రికోటేశ్వరరావు, కుడి మోకాలు రెండు చేతులా పట్టుకుని బండకు ఆనుకుంటూ. “కిందికి పోయి మనుషుల్ని పంపండి. అందాకా కూచుంటా.”

హర్ష, సుహైల్, భార్గవి తలలు దించుకున్నారు. పోయినేడు ఇదే నెమలికొండ మీద సందీప్ కూడా ఇదే మాటన్నాడు. వాళ్ళు సరేనన్నారు.

సందీప్ త్రికోటేశ్వరరావుకి ఒక్కగానొక్క కొడుకు. మాచర్ల అడవుల్లో జరిగే మూడు రోజుల పోటీలో ఈ ముగ్గురికీ నాలుగోవాడు. పరుగు, సైకిలు, కృష్ణలో పడవ, చివరికి ఈ కొండలు. నలుగురూ కలిసి గీత దాటితేనే లెక్క. ఒకడు ఆగితే జట్టు మొత్తం ఇంటికే. రెండో రోజు సందీప్ జారిపడి తొడ విరిగింది. సిగ్నల్ లేదు. భార్గవిని అతని దగ్గర కూర్చోబెట్టి, హర్షా సుహైలూ సాయం కోసం కిందికి పరిగెత్తారు. మనుషుల్ని పోగేసుకుని తిరిగొచ్చేసరికి ఏడు గంటలు గడిచిపోయాయి. అప్పటికే సందీప్ లేడు. లోపల రక్తం పోయిందనీ, నాలుగు గంటల్లోపు తెచ్చుంటే దక్కేవాడనీ డాక్టరు చెప్పాడు.

మోసుకుని దిగొచ్చు కదా అని ఎస్సై అడిగితే, ఆ వాలులో ముగ్గురు కలిసి ఒక మనిషిని మొయ్యటం అయ్యే పని కాదని హర్ష చెప్పాడు. విన్నవాళ్ళంతా నిజమేనన్నారు. త్రికోటేశ్వరరావు కూడా తలూపాడు.

ఆ తలూపటమే హర్షను ఏడాదిపాటు నిద్రపోనివ్వలేదు. తిట్టినా, చెంప మీద కొట్టినా బాగుండేది. అట్లాంటి మనిషి సంక్రాంతి వెళ్ళాక నరసరావుపేట నుంచి వచ్చి, మా వాడు సగంలో ఆపింది నేను పూర్తి చేస్తాను, నన్ను నాలుగోవాడిగా తీసుకోండి అనడిగాడు. యాభై మూడేళ్ళ మిరప రైతు. రోజూ తెల్లారగట్ల కోటప్పకొండ మెట్లు ఎక్కి దిగుతూ ఒళ్ళు సిద్ధం చేసుకున్నాడట. ఈయన్ని గీత దాటిస్తే చాలు, ఇక ఈయన మొహం చూడగలననుకున్నాడు హర్ష. అంతకు మించి ఈ పోటీలో అతనికేమీ అక్కర్లేదు.

ఒకటిన్నర రోజు ఆయన కుర్రాళ్ళతో సమానంగా నడిచాడు. సరిగ్గా సందీప్ పడ్డ ఈ చోటికొచ్చాకే కాలు జారింది.

“చెబుతుంటే వినపడటంలా? నా బరువు డెబ్బై ఎనిమిది కిలోలు. ఈ వాలులో మీ వల్ల కాదు.”

“కాకపోయినా సరే బాబాయ్,” అన్నాడు హర్ష. “ఈసారి వదిలిపోం.”

ఎండుకర్రలు రెండు ఏరి, వాటికి జాకెట్లు తొడిగి డోలీ కట్టారు. ముందు సుహైల్, వెనక హర్ష. భార్గవి నాలుగడుగులు ముందుండి, కదిలే రాళ్ళు తీసేస్తూ ఎక్కడ కాలు పెట్టాలో చెబుతోంది. అరగంటకే సుహైల్ భుజం ఒరుసుకుపోయి రక్తం కారింది. హర్ష అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక జట్టు వాళ్ళని దాటిపోయింది, తర్వాత ఇంకొకటి. పోటీ పోయిందని ముగ్గురికీ తెలుసు. ఎవరూ డోలీ దించలేదు.

త్రికోటేశ్వరరావు డోలీలో పడుకుని మధ్యమధ్య వాచీ చూసుకున్నాడు. కొడుకు పేరు మీద పూర్తి చెయ్యాల్సిన పోటీ చేజారిపోతోందని బెంగ కాబోలనుకుని హర్ష ఇంకా తొందరగా అడుగులు వేశాడు.

కింద శిబిరం దగ్గర డోలీ దించేసరికి మోసిన ఇద్దరికీ నిలబడే ఓపిక లేదు. భార్గవి డాక్టరు కోసం పరిగెత్తింది. హర్ష ఆయన ముందు కూలబడ్డాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

“గీత దాటించలేకపోయాను, బాబాయ్.”

“ఎంతసేపు పట్టింది?” అడిగాడాయన.

“రెండు గంటల నలభై నిమిషాలు.”

“వేరే ఎవురూ చెయ్యి వెయ్యలేదు గదా?”

“లేదు బాబాయ్. మేం ముగ్గురమే.”

“నాలుగు గంటల్లోపే,” అని త్రికోటేశ్వరరావు కొండ వంక చూశాడు. కొడుకు శవం దగ్గర కూడా కన్నీరు పెట్టని మనిషి, తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నొప్పి ఎక్కువైందేమోనని సుహైల్ నీళ్ళు అందించాడు. ఆయన తీసుకోలేదు. మొహం తుడుచుకుని, హర్ష తల మీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసేసుకున్నాడు.

తర్వాత లేచి సంచీ భుజాన వేసుకుని మాచర్ల రోడ్డు వైపు బయల్దేరాడు.

“డాక్టరు వస్తున్నాడు, ఆగు బాబాయ్,” అంటూ లేచిన హర్ష ఆయన కాళ్ళ వైపు చూసి ఆగిపోయాడు.

ఆయన కుంటడం లేదు.