తాళం వేసిన గది

పనిచేసే ఇంటి యజమానురాలు మామా వాళ్లు ఊళ్లో లేకపోవడంతో పుష్పలత ఆ రోజు మధ్యాహ్నానికే పని నుంచి వచ్చేసింది.

కువైట్‌లోని సాల్మియాలో ఆ పాత ఫ్లాటును చెక్కలు కొట్టి ఆరు గదులు చేశారు. పుష్పలత గదికి బయట తాళం. లోపల ఎనిమిదేళ్ల కూతురు జయంతి. స్కూలు ఫీజు కట్టే తాహతు లేదు. మూడేళ్లుగా పొద్దున తాళం వేసి పోతుంది, సాయంత్రం వచ్చి తీస్తుంది.

ఇవాళ ఆ తలుపు ముందు పక్కగది సూరాయమ్మ బోర్లా పడుకుని ఉంది. చెయ్యి తలుపు కింద సందులో ఉంది. చేతిలో కాగితం.

పుష్పలత లాక్కుంది. చదవడం రాకపోయినా ముద్రను బట్టి గుర్తుపట్టింది. జయంతి పుట్టిన సర్టిఫికెట్టు.

"మా కాయితాలతో నీకేం పనే?"

"తీసుకెళ్లటం కాదండమ్మా. తిరిగి లోపలెడతన్నానండి."

"దొంగతనానికి మళ్లీ అండీలొకటి."

"పాప కోసవేనండి. కొన్నాళ్లాగండి, మీకే తెలుత్తాది."

"కొన్నాళ్లాగితే నా బిడ్డనే అమ్ముకుంటావు."

లోపల జయంతి ఏడుస్తోంది. తలుపు దగ్గరికొచ్చిన వాళ్లతో మాట్లాడితే తోలు తీస్తానని అమ్మ ఏనాడో చెప్పింది. ఆ భయంతో తలుపు నుంచి వెనక్కి జరిగింది.

సూరాయమ్మ వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి నుంచి పారిపోయి వచ్చిన మనిషి. దేశంలో ఉండటానికి అనుమతి కార్డు, ఇఖామా లేదు. గడప దాటితే పట్టుకుంటారని ఏడాదిగా ఆ ఫ్లాట్లోనే నక్కి ఉంది. అది తెలిసే పుష్పలత బిల్డింగు కాపలావాణ్ని పిలిచింది. గంటలో పోలీసులొచ్చారు.

సూరాయమ్మ చెప్పులు వేసుకుంటూ తాళం వైపు ఒక్కసారి చూసింది.

నెల తిరక్కుండానే ఫోన్ వచ్చింది.

"జయంతి వాళ్లమ్మగారేనా? మీ పాపకు మా బళ్లో సీటు తగిలిందమ్మా."

అబ్బాసియాలో తెలుగువాళ్లు కొందరు కలిసి పెట్టిన బడి అది. పుష్పలత కూతుర్ని తీసుకుని బస్సెక్కింది.

"ఫీజెంత సార్?"

"ఫీజూ లేదు, పరీక్షా లేదు," అన్నాడు హెడ్మాస్టరు సిద్ధయ్య. "నలభై సీట్లకు మూడొందల అర్జీలొచ్చాయి. చీటీలు తీశాం. పిల్లలకు చదువు రాకపోతే మా బడికే అనుమతి పోతుంది."

"అంటే పిల్లోళ్లు కాదు, మీరు ఫెయిలయితారు."

ఆయన నవ్వాడు.

"అయినా నేను అర్జీ పెట్టలేదే సార్."

"ఆఖరి రోజు ఒకావిడ తెచ్చిచ్చిందమ్మా. కూర్చోమన్నా కూర్చోలేదు. మాటిమాటికీ రోడ్డు వైపే చూసుకుంది." అర్జీ ముందుకు జరిపాడు. "ఇది పాప చేతిరాతేనంది. నిజమేనా?"

"దానికి రాతెక్కడిది సార్? బడి మొగమే చూడలేదు."

జయంతి కాగితం మీద వేలు పెట్టి, గడి గడీ చదవసాగింది. తన పేరు. నాన్న పెంచలయ్య. నాన్న పని, వఫ్రాలో తోట.

పుష్పలత కూతురి నోటివైపే చూస్తూ ఉండిపోయింది.

వేలు ఆఖరి గడి దగ్గర ఆగింది. అక్కడి ప్రశ్న వరకే చదివింది. 'అర్జీ తెచ్చినవారు: సూరాయమ్మ. పాపకు ఏమవుతారు?'

"దాని ముందర ఏం రాసినావే?"

జయంతి తలెత్తకుండా చదివింది.

"మా టీచర్."