బెత్తం సిస్టర్

“మీరు నేర్పింది ఇదేనా సిస్టర్?”

డాక్టరు కేకకు వరండాలో కూర్చున్న రోగులంతా ఇటు తిరిగారు. మంచం మీద రిటైరైన లెక్కల మాస్టారు, ముక్కూ నోరూ మూసిన ఆవిరి మాస్కులోంచి రొప్పుతున్నారు.

“ఈ మందే ఇక్కడ మిషన్‌తో పెడితే కాసేపటికి తేరుకుంటారు. ఇంట్లో ఇన్‌హేలర్‌తో పీలిస్తే రవ్వంత గుణం ఉండదు. దానర్థం ఏమిటి? ఆయనకి పీల్చడం రాలేదు. ఈసారి దారిలోనే ప్రాణం మీదికొస్తే ఎవరిది పూచీ?”

ఆ ఆసుపత్రిలో ఇన్‌హేలర్ వాడటం నేర్పే గది సిస్టర్‌ది. రోగులు చాటుగా ‘బెత్తం సిస్టర్’ అంటారు. ఊరికే అనరు. మూత తీయడం దగ్గర్నుంచి ఊపిరి బిగబట్టడం దాకా అన్నిటికీ వంక పెడుతుంది. బాగుందంటే ఎక్కడ నిర్లక్ష్యం చేస్తారోనని ఆమె భయం. ఆమె చేత శభాష్ అనిపించుకున్న మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

మాస్టారి భార్య ఉండబట్టలేక అందుకుంది.

“ఈయన పొద్దునా సాయంత్రం గడియారం చూసుకుని మరీ పీలుస్తున్నారమ్మా. ఒక్కపూట మానితే ఒట్టు. అయినా రాత్రంతా కూర్చునే తెల్లారుస్తున్నారు. మీరిచ్చింది మందా, మంచినీళ్లా?”

“మందు మంచిదేనండీ,” అని డాక్టరు సిస్టర్ వైపు తిరిగాడు. “కాస్త కుదుటపడ్డాక నా ఎదురుగా చేయించండి. తప్పు కనబడిందో, రేపట్నుంచి ఆ గదిలో ఇంకొకరు కూర్చుంటారు.”

ఉద్యోగం సంగతి తర్వాత, అనుకుంది సిస్టర్. నిజంగానే తను సరిగ్గా నేర్పలేదా? తన మూలంగానే ఈ పెద్దాయన ఇలా అల్లాడుతున్నాడా? ఆ ఆలోచనకే ఆమెకు ఏడుపొచ్చింది.

కాసేపటికి రొప్పు తగ్గింది. మాస్కు తీశారు.

“మాస్టారూ, ఇంట్లో ఎలా పీలుస్తున్నారో ఒకసారి చూపించగలరా?” అని అడిగింది సిస్టర్.

మాస్టారు తలూపి, భార్య చేతిసంచిలోంచి ఇన్‌హేలర్ తీశారు. మూత తీశారు. బాగా ఊపారు. నిటారుగా కూర్చుని ఊపిరంతా బయటికి వదిలారు. గొట్టాన్ని పెదవుల మధ్య బిగించి, మెల్లగా పీలుస్తూ డబ్బా నొక్కారు. తర్వాత ఊపిరి బిగబట్టి, వేళ్లు ముడుస్తూ పది లెక్కపెట్టారు.

సిస్టర్ రెప్ప వేయలేదు. తప్పు దొరకకూడదని ఆమె కోరుకోవడం అదే మొదటిసారి. దొరకలేదు.

డాక్టరు ముఖంలో కోపం పోయింది. దాని బదులు వచ్చింది చూసి సిస్టర్‌కు ఇంకా భయం వేసింది.

“ఇంత చక్కగా పీలుస్తూ కూడా గుణం లేదంటే ఇది మనమనుకున్న జబ్బు కాదేమో,” అన్నాడతను గొంతు తగ్గించి. “ఇవాళే చేర్చుకుందాం. పెద్ద పరీక్షలన్నీ చేయించాలి.”

మాస్టారి భార్య కొంగు నోట్లో కుక్కుకుని గోడకు జారగిలబడింది. మాస్టారు మాత్రం ఎవరినీ పట్టించుకోలేదు. బెంచీ మీద ఫలితాల కోసం కూర్చున్న పిల్లాడిలా సిస్టర్ ముఖంలోకే చూస్తున్నారు.

ఆ చూపుకు సిస్టర్ మనసు కరిగిపోయింది. వచ్చిన ప్రతిసారీ ఈయనకు ఏదో ఒక వంక పెట్టింది. మెడ వంచారంది, తొందరపడ్డారంది, మళ్లీ చేయమంది. ఈ పెద్దాయన పాపం ఒక్క మంచిమాటకు కూడా నోచుకోలేదు. ఆమె దగ్గరికెళ్లి ఆయన చేయి పట్టుకుంది.

“మీ తప్పేం లేదు మాస్టారూ. చాలా బాగా చేశారు. నూటికి నూరు.”

మాస్టారి ముఖం వెలిగిపోయింది. భార్య వైపు తిరిగి ఆయాసంలోనే అరిచారు.

“విన్నావా, పాసయ్యాను! నేర్చుకోమని ఇచ్చిన ఈ ఖాళీ డబ్బా సిస్టర్‌కి తిరిగిచ్చేసెయ్, ఇంటికెళ్లగానే బీరువాలో దాచిన మందు డబ్బా సీలు తీద్దాం!”