చెప్పుల కాపలా

"ఈసారి కొత్త పార్కుకి వెళ్దాం నాన్నా," అంటూ కూతురు ఫోన్ తీసుకొచ్చి తండ్రి మొహం ముందు పెట్టింది.

బస్సు డ్రైవరైన ఆ తండ్రి, ఖాకీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "పాతదే మేలు. మనం రైడ్లు ఎక్కుతుంటే నానమ్మ చెట్టు కింద బల్ల మీద హాయిగా కూర్చుంటుంది. కొత్తచోట ఆవిడ గతేంటి?"

"అత్తయ్యకి ఆ బల్లంటే ప్రాణం," అంది అతని భార్య.

కూతురు మూతి ముడిచింది. "కొత్తదాంట్లో సామాన్లకి లాకర్లు కూడా ఉన్నాయి," అని గొణిగింది.

మంచం మీద బట్టలు మడతపెడుతున్న నానమ్మ చేతులు ఆగాయి.

"అంటే, తాళం వేసుకోవచ్చా?"

"ఆఁ. బ్యాగులు, చెప్పులు అన్నీ పడతాయి."

"అయితే కొత్తదానికే పోదాం."

డ్రైవరు గుండీ దగ్గరే ఆగిపోయాడు. "మరి నీ బల్లో అమ్మా?"

"నా బల్లేంట్రా? ఏటా 'అమ్మా, కాస్త చూస్తుండు' అని చెప్పులూ సంచులూ నా ముందు పోసి పోతారు. వాటిని వదిలేసి నేనెలా వచ్చేది?"

ఏటా అందరికంటే ముందు పరిగెత్తి, నీడ చూసి మరీ అమ్మకోసం డ్రైవరు పట్టిన చోటది.

నానమ్మ అప్పటికే మనవరాలి పక్కకి జరిగి ఫోన్‌లోకి తొంగిచూస్తోంది. "ఆ తలకిందులు చేసేది ఇక్కడా ఉందా? మీ నాన్నకి భయమైతే ఎక్కడన్నా బల్ల చూసి కూర్చోబెడదాంలే."