ఎగిరే పళ్ళెం మీద విచారణ

దొడ్లో చుక్కలకోడి గుడ్లు రోజుకొకటి మాయమవుతుంటే, విచారణకని ఉడుము పెద్దమనిషిలా వేంచేసింది. గూడంతా వాసన చూసి తేల్చేసింది.

"ఇది ఎగిరే పళ్ళెం పనేనమ్మా! పైలోకం వాళ్ళు దిగి ఎత్తుకుపోతున్నారు."

"నేనూ చూశా బాబాయ్, తళతళా మెరిసింది!" అంది బాతు. చూడలేదంటే పరువేం కావాలి మరి?

"అయితే ఈ పూటంతా అందరూ తలెత్తి ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండండి. గూళ్ళు నేను చూసుకుంటా," అంది ఉడుము.

కోడికి ఉడుము మూతికంటిన పచ్చసొన కనబడింది. మిగిలింది ఒక్కటే గుడ్డు.

"ఆకాశం నువ్వే చూడు బాబాయ్, గూడు నేను చూసుకుంటా," అని గుడ్డు మీద కూర్చుంది.

"లోకజ్ఞానం లేని మొద్దు!" అంటూ బాతు మెడ సాచి మబ్బుల్ని కాపలా కాసింది.

సాయంత్రానికి ఆ పళ్ళెం బాతు గుడ్లన్నీ ఎత్తుకెళ్ళిపోయింది. కోడి గూటికి మాత్రం దానికి దారి దొరకలేదట, పాపం!