మేఫ్లవర్‌కు తెరచాపలు

“అంత బిగుతుగా కట్టొద్దన్నా. గాలి పట్టిన చాప మాదిరి రవ్వంత ఉబ్బెత్తుగా ఉండల్ల,” అన్నాడు కేశవులు.

మౌలాలి దారం సడలించాడు. మూరెడు పొడవున్న టేకు ఓడ బల్ల మీద నిలబడి ఉంది. మూడు స్తంభాలకూ తెల్లటి నూలు తెరచాపలు. ఆ గుడ్డ కేశవులు నేసిందే. నెలకొక శుక్రవారం ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనికి వస్తాడు. గుడ్డతోపాటు తాళ్ళకోసం మైనం పట్టించిన సన్నదారం కూడా తెస్తాడు. పొద్దువాలేదాకా కూర్చుని పోతాడు.

అతన్ని ఎవరూ పిలవలేదు. ఏడాది కిందట ఒకరోజు తనే వచ్చి, “మిల్లుగుడ్డ ఓడకు అతకదన్నా, నేను నేసిస్తా,” అన్నాడు. అప్పటికి మౌలాలి కొడుకు షోయబ్ పోయి, నలభై దినాల ఫాతెహా అయి వారమైంది.

“ఇంతదూరం ఊరికే ఎవరొస్తారు? పని నేర్చుకొని ఎమ్మిగనూరులో అంగడి పెట్టేకే,” అని జమ్రుద్‌బీ మొదట్లో భర్తను హెచ్చరించింది.

“పెట్టుకోనీలే,” అన్నాడు మౌలాలి.

కొడుకు పోయినప్పటినుంచీ అతను దేనికైనా అంతే. మొన్న ఉలి జారి బొటనవేలు తెగితే, టేకు మీద ఎర్రగా కనిపించేదాకా అతనికి తెలియనే లేదు.

ఒకప్పుడు అతను తలుపులే చెక్కేవాడు. బెంగళూరులోని ఒక అలంకరణ సామాన్ల అంగడి వాళ్ళు పాత కాలపు ఓడల బొమ్మలు కావాలన్నారు. నమూనా చూసి చెక్కడం తండ్రి పని. ఆ ఓడ ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోయింది, ఏమైంది అన్నది ఫోనులో వెతికి, చదివి వినిపించి, చీటీ రాసి ఓడ అడుగున అతికించడం షోయబ్ పని. రాసేవాడు లేకపోయినా ఆ కథలు మౌలాలికి నోటికి వచ్చు. కేశవులు ప్రతిసారీ అడిగి చెప్పించుకుంటాడు.

ఈసారీ అడిగాడు. “దీని కత ఏమన్నా?”

“మేఫ్లవర్. నాలుగు నూర్ల ఏండ్ల కిందటిది. ఇంగ్లాండులో నూరు మందిని ఎక్కించుకొని అమెరికాకు పోయింది. అరవై ఆరు దినాలు నీళ్ళ మీదనే. నడి సముద్రంలో తుపాను పట్టుకునింది.”

“మునిగిందా?”

“మునగలా. హౌలాండని ఒక పనోడు మాత్రం, లోపల ఉండలేక పైకొచ్చినాడు. ఓడ ఊగేసరికి సముద్రంలో పడినాడు.”

కేశవులు చేతిలోని దారపు ఉండ ఆగింది. “సచ్చినాడా?”

“లేదప్పా. ఓడ నుంచి వేలాడే తాడొకటి చేతికి దొరికింది. నీళ్ళ కిందికి పోయినా ఇడసలా. పైనున్నోళ్ళు లాగి, కొక్కెం కట్టెతో ఎత్తుకొన్నారు. ఆమీద పెండ్లి చేసుకొని పదిమంది బిడ్డల్ని కన్నాడు.”

“లాగినోళ్ళ పేర్లు?”

“యాడా రాసిల్లేదు. షోయబ్ శానా వెతికినాడు.”

కేశవులు తల వంచుకున్నాడు. చాలాసేపు దారం చుట్టాడు. చుట్టింది విప్పి, మళ్ళీ చుట్టాడు.

“ఈసారి అంగడోళ్ళు ఇంగొకటి అడిగినారు,” అన్నాడు మౌలాలి, ఓడ అడుగున గరుకు కాగితంతో రుద్దుతూ. “చేసినోళ్ళ పేరు ఇత్తడి రేకు మీద చెక్కి, కింద కొట్టల్లంట.”

“షోయబ్ పేరు చెక్కన్నా.”

మౌలాలి గరుకు కాగితం కింద పెట్టాడు. టీ గ్లాసులు తెస్తున్న జమ్రుద్‌బీ గడప దగ్గరే నిలబడిపోయింది. ఏడాదిగా ఆ ఇంట్లో, ఓడల కథల్లో తప్ప ఆ పేరు వినిపించలేదు.

“వాని పేరా?” అన్నాడు మౌలాలి. గొంతు పెరగలేదు. “నీకు తెల్దులే అప్పా. పోయినేడు కాలవకు నీళ్ళిడిసిన కొత్తలో, మీ ఊర్లో తలుపులకు కొలతలు తీసుకొని వస్తానని పోయినాడు. దారిలో నీళ్ళు కనపడినాయి. కాలవలో దిగొద్దురా, వడి ఎక్కువుంటాదని వానికి పదేండ్లప్పటి నుంచి చెప్తాండా. ఇనలేదు.”

“అన్నా...”

“నేను పోయి చూసినా. బండికి స్టాండు గూడ ఎయ్యలా, పక్కకు పడుండె. ఒక చెప్పు రోడ్డు మీద, ఇంగొకటి గట్టు మీద. నీళ్ళలో ఆడుకునేకి అంత తొందర వానికి. రెండు మైళ్ళవతల తూము కాడ దొరికినాడు. నాకు ఏడుపు రాలేదప్పా. కోపమొచ్చింది. అమ్మా నాయినా గుర్తుకు రాలేదు కదా అని. మట్టిచ్చి వచ్చినోన్ని, మళ్ళా ఆ గోరీ పక్కకు పోలేదు. అట్లాంటోని పేరు నేను చెక్కల్లనా?”

జమ్రుద్‌బీ గ్లాసులు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మౌలాలి మళ్ళీ గరుకు కాగితం అందుకున్నాడు.

కేశవులు లేచి నిలబడ్డాడు. పోతాడనుకున్నారు. పోలేదు.

“ఆడుకునేకి కాదన్నా,” అన్నాడు.

“మరి?” అన్నాడు మౌలాలి, తల ఎత్తకుండానే.

“కాలవలో కొట్టకపోతాంటే నన్ను తీసేదానికి దిగినాడు.”