గాలి నింపేవాడు

డైవింగ్ మాస్టారి భార్యను చంపింది గాలి నింపేవాడు. ఇందులో వాదనకు చోటు లేదు. పదకొండేళ్లుగా మాస్టారు ఇదే చెబుతున్నారు. వినేవాళ్లు తలాడిస్తున్నారు.

ఆ రోజు ఆవిడ సముద్రంలోకి దిగిన పది నిమిషాలకే ఊపిరి అందక పోయింది. ఒడ్డున అధికారులు ఆవిడ సిలిండర్ చూశారు. ఖాళీ. దాని మెడకు మాత్రం పచ్చ టేపు చుట్టి ఉంది. పచ్చ టేపు ఉందంటే గాలి నింపినట్టు లెక్క. నింపకుండానే చుట్టావా అని అడిగితే గాలి నింపేవాడు తల వంచుకుని, అవును, పరధ్యానంలో ఉన్నాను అన్నాడు. ఏడాది జైల్లో ఉండి వచ్చాడు. అప్పటి నుంచి రోడ్డు పక్కన టైర్లకు గాలి కొడుతున్నాడు. గాలి అతన్ని వదల్లేదని కొందరు వేళాకోళం చేసేవారు.

మాస్టారు భార్యను కూడా క్షమించలేదు. ఆ రోజు దిగే ముందు, గాలి ఎంతుందో చూపే గేజ్ ముల్లు చూశావా అని అడిగారు. చూశాను, నిండుగా ఉంది అంది. ఖాళీ సిలిండర్ నిండుగా ఎలా చూపిస్తుంది? అడుగున మిగిలిన పాత గాలితో నాలుగు ఊపిర్లు పీల్చి ఉంటుంది. చూడకుండానే చూశానని ఉంటుంది. ఇంట్లో పొయ్యి కట్టేశావా అన్నా ఆవిడ అలాగే తలూపేది.

డైవింగ్ బడిలో ఒక పద్ధతి ఉంది. నెలలో చివరి ఆదివారం మధ్యాహ్నం డైవర్లంతా షెడ్డులో కూర్చుంటారు. ఆ నెల నీటి కింద చేసిన తెలివితక్కువ పని ఒక్కొక్కరే లేచి చెప్పాలి. తనదే చెప్పాలి, పక్కవాడిది కాదు. మాస్టారు ఇన్నేళ్లలో ఒక్కసారీ లేవలేదు. చెప్పుకోవడానికి ఆయనకు ఏమీ లేదు.

ఈసారి గుమ్మం దగ్గర గాలి నింపేవాడు నిలబడి ఉన్నాడు. వంగి వంగి అతని నడుం పోయింది. బడిలో సిలిండర్లు నింపే కంప్రెసర్ చూసే మనిషి మానేస్తే, ఆ పని ఇతనికి ఇవ్వమని అడిగింది మాస్టారి కూతురే. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన బాబాయ్ మరి. మాస్టారు సరేనంటే మాకూ సరే అన్నారు బడివాళ్లు.

అందరూ అలిసిపోయి ఉన్నారు. తాళ్ల మీద తడి సూట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒకడు ఫోటోల మోజులో గాలి ఎంతుందో చూసుకోలేదన్నాడు. ఒకావిడ బరువుల బెల్టు పడవలో మర్చిపోయి బెండులా తేలుతూ ఉండిపోయానంది.

తర్వాత ఒక డెంటిస్టు లేచాడు. గురువారం అతనికి జోడీ మాస్టారి కూతురు. దిగే ముందు జోడీ వీపు మీది సిలిండర్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చేత్తో తిప్పి చూడమని మాస్టారే నేర్పారు. ఇతను పూర్తిగా తెరుస్తున్నాననుకుని మూసే వైపు తిప్పేశాడు. చివర్లో అలవాటుగా పావు తిప్పు వెనక్కి ఇచ్చాడు, వాల్వు ఆ కాస్తే తెరుచుకుంది. పైన గాలి బాగానే ఆడింది. ముల్లూ సరిగ్గానే ఉంది. లోతుకు పోయాక ఎంత పీల్చినా ఆమెకు గాలి రాలేదు. పక్కనే ఉన్నాడు కాబట్టి అతని గాలి పంచుకుని ఇద్దరూ పైకి వచ్చారు.

“నా చెయ్యే,” అన్నాడు డెంటిస్టు. “ఇంకెవరినీ అనడానికి లేదు.”

“పళ్లయినా చూసే పీకుతున్నావా?” అన్నారు మాస్టారు.

కొందరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. తను పాతికేళ్లుగా పక్కవాళ్ల వాల్వులు తిప్పుతున్నానని, భార్యదైతే ప్రతిసారీ తనే తిప్పానని, కళ్లు మూసుకుని తిప్పగలనని చెప్పారు.

సమావేశం అయిపోయింది. కూతురు తండ్రి పక్కకు వచ్చి కూర్చుంది.

“బాబాయ్ సంగతి ఏం చేశావు నాన్నా?”

“లేచి నిలబడి తన తప్పు తను చెప్పుకోమను. అందరి ముందూ.”

గాలి నింపేవాడు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“పదకొండేళ్లయింది నాన్నా.”

“మీ అమ్మ పోయీ అంతే అయింది.”

గాలి నింపేవాడు బతిమాలలేదు. అతను వెళ్లడానికి అటు తిరిగాడు.

మాస్టారు కూతురితో అన్నారు. “వీళ్లను నమ్మితే నువ్వూ దక్కవు. రేపటి నుంచి నీ జోడీ నేనే. నీ వాల్వు నేనే తిప్పుతాను.”

గాలి నింపేవాడు ఆగిపోయాడు. ఎవరో పిలిస్తే కూతురు సిలిండర్లు సర్దడానికి బయటికి వెళ్లింది. ఆమె వినలేనంత దూరం వెళ్లేదాకా అతను చూశాడు. అప్పుడు మాస్టారి దగ్గరికి వచ్చి, నడుం పట్టుకుని వంగి, చెవిలో చెప్పాడు.

“వదినను ఒడ్డుకు తెచ్చినప్పుడు సిలిండర్ నిండుగానే ఉంది మాస్టారూ, అధికారులు వచ్చేలోపు గాలంతా వదిలేసింది నేనే, పాప వాల్వు మీద మాత్రం చెయ్యి వెయ్యకండి, ఈ మాట నేను ఇంకెప్పుడూ ఎత్తను.”